కోబ్రా రెప్లికా వేడెక్కగానే ఆగిపోతోంది: లోపం కరెంటుదా, పెట్రోలుదా?

మీ కోబ్రా రెప్లికా (పాత కోబ్రా స్పోర్ట్స్ కారుకు నకలు) చల్లగా ఉంటే బాగానే స్టార్ట్ అవుతుంది, 20 నిమిషాలకు ఆగిపోతుంది, హెడ్‌లైట్లూ మసకబారుతున్నాయి అన్నారు. లైట్లు కూడా మసకబారుతున్నాయి కాబట్టి కార్బురేటర్ విప్పకండి, ముందు ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) చూడండి.

1962లో కారల్ షెల్బీ తెచ్చిన అసలు కోబ్రాది అల్యూమినియం బాడీ. రెప్లికాలు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వి, అందులో కరెంటు పారదు. అందుకే ప్రతి లైటు, గేజు, పెట్రోలు పంపు ఎర్త్ వైరు విడిగా ఛాసిస్‌కు చేరాలి. నట్టు కింద పెయింట్ గీకకుండా బిగిస్తే చూడ్డానికి బిగించినట్టే ఉంటుంది, పని మాత్రం చేయదు. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ మార్చాల్సిందే. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల అటూ ఇటూ లేకపోతే ఆల్టర్నేటర్‌ను (బ్యాటరీని ఛార్జ్ చేసేది) అనుమానించండి.

ఎలక్ట్రిక్ పంపు అయితే దాని టెర్మినళ్ల దగ్గరే వోల్టేజీ కొలవండి. చాలాసార్లు 'పెట్రోలు సమస్య' అక్కడే కరెంటు సమస్యగా తేలుతుంది!

ఇవన్నీ బాగుంటే, బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయండి (సిగరెట్ దూరంగా పెట్టి). గాలి స్స్‌మని లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత ఇంజిన్ అందుకుంటే వెంట్ పైపు (ట్యాంకులోకి గాలి వెళ్లే దారి) మూసుకుపోయినట్టే. కాకపోతే పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కు ఆనుకుని వెళ్తోందేమో చూసి దూరం జరపండి. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది. హోలీ (Holley) కంపెనీ కార్బురేటర్ అయితే పంపు నుంచి 5 నుంచి 7 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) ప్రెషర్ చాలు.