తగ్గిన వాపు మళ్లీ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, పది రోజుల క్రితం అలంకారం కోసం ముంజేతి చర్మం కింద నక్షత్రం ఆకారంలో ఉన్న సిలికాన్ ముక్క (ఇంప్లాంట్) పెట్టించుకున్నాను. వాపు తగ్గిపోయింది అనుకుంటే నిన్నటి నుంచి మళ్లీ ఎర్రగా, వేడిగా ఉంటోంది. పెట్టినతను రోజూ మసాజ్ చేయమన్నాడు. చేయాలా?

జవాబు: ముందు ఆ మసాజ్ ఆపండి. ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక పొర అల్లుకుంటుంది, దానికి వారాలు పడుతుంది, అది గట్టిపడకముందే నొక్కితే ముక్క పక్కకి జరగొచ్చు, లోపల రక్తం గూడుకట్టొచ్చు. మొదటి రోజుల్లో వాపు, కమిలిన రంగు మామూలే, వాటికి టెన్షన్ అక్కర్లేదు. కానీ తగ్గిన వాపు మళ్లీ పెరగడం మామూలు కాదు. ఇవాళే సర్జన్‌కి చూపించండి. జ్వరం, చీము, ఎరుపు చేతి పైకి పాకడం, వేళ్లు తిమ్మిరెక్కడం, వీటిలో ఏది ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకుని చూద్దాం అనుకోకండి. బ్యాక్టీరియా సిలికాన్ మీద జిగురు పొరలా అతుక్కుని కూర్చుంటే మందు సరిగా పనిచేయదు, చాలాసార్లు ఇంప్లాంట్ తీసేస్తేనే తగ్గుతుంది. బాధే, ఇష్టపడి పెట్టించుకున్నది కదా. అలాగని మీరే బ్లేడుతో తీసుకునే సాహసం మాత్రం వద్దు, అక్కడ నరాలుంటాయి.

అప్పటిదాకా గాయం పొడిగా ఉంచండి. ఈత, బరువులెత్తడం, సిగరెట్ వద్దు. సిగరెట్ రక్తనాళాలను కుదించి గాయం మానకుండా చేస్తుంది.

ఒకవేళ తీయనక్కర్లేదన్నా, తర్వాతెప్పుడైనా పైచర్మం పలచబడి మెరుస్తుంటే ఇంప్లాంట్ బయటికి వస్తోందని అర్థం. ఎమ్మారై స్కాన్ తీయించాల్సి వస్తే ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి. వట్టి సిలికాన్‌తో పెద్ద ఇబ్బంది ఉండదు గానీ, చర్మం కింద అయస్కాంతం పెట్టించుకున్నవాళ్లకి ప్రమాదమే.