గుండీలు ముందు, కత్తెర తరువాత: కుట్టుపనిపై మీ ప్రశ్నలు, మా జవాబులు

సొంతంగా డ్రెస్ కుట్టుకునే పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో గుండీలు, లేసులు, పైపింగుల (లోపల తాడు పెట్టి అంచుకు కుట్టే బట్ట పట్టీల) గురించి అడిగినవాటిని ఈసారి ఒకచోట చేర్చాము.

ప్రశ్న: మెడ నుంచి కిందిదాకా గుండీలతో తెరుచుకునే గౌను ఒకటి నాకు నేనే కుట్టుకోవాలనుకుంటున్నాను. పలుచని కాటన్ బట్ట తెచ్చి పెట్టుకున్నాను. గౌను పూర్తయ్యాక దాన్ని వెంట తీసుకువెళ్లి గుండీలు ఎంచుకుంటే రంగు బాగా కుదురుతుందని నా ఆలోచన. ఇది సరైన పద్ధతేనా? గుండీకీ గుండీకీ మధ్య ఎంత దూరం ఉంచాలో కూడా దయచేసి తెలుపగలరు.

జవాబు: రంగు వరకు మీ ఆలోచనలో తప్పు లేదు గాని, గుండీలు, కాజాలు వచ్చే ముందుపట్టీ వెడల్పును నిర్ణయించేది గుండీ వ్యాసం కనుక, కత్తెర పట్టకముందే గుండీలు మీ చేతిలో ఉండాలి. రంగు చూడడానికి గౌను మొత్తం మోసుకువెళ్లనక్కరలేదు. బట్ట చివరినుంచి అరచేయంత ముక్క కత్తిరించి తీసుకువెళ్లి, దాని మీద గుండీని పెట్టి, దీపాల వెలుతురులో కాకుండా పగటి వెలుతురులో చూస్తే చాలు.

గౌను ముందు భాగాలు రెండూ ఒకదానిమీద ఒకటి పడినప్పుడు వాటి మధ్యగీతలు కచ్చితంగా కలవాలి, గుండీ నడిమి భాగం ఆ గీతమీదే కూర్చోవాలి. అందుకే మధ్యగీత నుంచి పట్టీ అంచువరకు గుండీ వ్యాసమంత బట్టను అదనంగా వదులుతారు. మీరు 15 మిల్లీమీటర్ల గుండీ అనుకుని 15 మిల్లీమీటర్లు వదిలారనుకుందాం. గుండీలో సగం, అంటే 7.5 మిల్లీమీటర్లు, మధ్యగీత దాటి వస్తుంది, దాని అవతల మరో 7.5 మిల్లీమీటర్ల బట్ట మిగులుతుంది, చూడడానికి కుదురుగా ఉంటుంది. అదే పట్టీకి తరువాత మనసుపడి 25 మిల్లీమీటర్ల గుండీ తెచ్చి పెడితే అంచున మిగిలేది 2.5 మిల్లీమీటర్లే, గుండీ ఇప్పుడో ఇంకాసేపటికో పట్టీమీద నుంచి జారిపోయేలా కనిపిస్తుంది. బట్ట అప్పటికే కత్తిరించేసి ఉంటారు కాబట్టి దాన్ని సరిదిద్దే దారి కూడా ఉండదు.

గుండీల అట్టలమీద కొన్నిచోట్ల 18, 24 వంటి అంకెలు కనిపిస్తాయి. అవి మిల్లీమీటర్లు కావు, లైన్లు. 40 లైన్లు ఒక అంగుళం. ఆ లెక్కన 18 లైన్ల గుండీ సుమారు 11.5 మిల్లీమీటర్లు, 24 లైన్లది సుమారు 15 మిల్లీమీటర్లు. మీ పలుచని కాటన్‌కు ఈ రెండు కొలతల మధ్యలో ఉన్నవే నప్పుతాయి. అంతకన్నా పెద్దవి, ముఖ్యంగా లోహంతో చేసిన బరువైనవి, బట్టను కిందికి లాగుతాయి. అనుమానంగా ఉంటే ముక్కమీద గుండీని నాలుగు దారపు చుట్లతో తగిలించి, ముక్కను పైఅంచు పట్టుకుని నిలువుగా ఎత్తి చూడండి. గుండీ తల వేలాడేసినా, బట్ట ముడత పడినా ఆ గుండీ మీ బట్టకు పనికిరాదు.

ఇక దూరం సంగతి. చాలామంది మెడ దగ్గర మొదలుపెట్టి కిందివరకు సమానంగా విభజించుకుంటూ పోతారు, ఆపైన ఛాతీ దగ్గర పట్టీ నోరు తెరుస్తోందని బాధపడతారు. మొదటి గుర్తు పెట్టవలసింది ఛాతీ అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నచోట, ఎందుకంటే పట్టీని పక్కలకు లాగే ఒత్తిడి అక్కడే ఎక్కువ. రెండో గుర్తు మెడ దగ్గర, పైఅంచు నుంచి గుండీలో సగానికి మరో 6 మిల్లీమీటర్లు కలిపినంత కిందికి. ఈ రెండింటి మధ్య 16 సెంటీమీటర్లు వచ్చిందంటే నడుమ ఒక గుండీ పెట్టి, ఆ 8 సెంటీమీటర్ల దూరాన్నే కిందివరకు కొనసాగించండి. నడుముకు బెల్టు కట్టుకునే ఆలోచన ఉంటే దాని బకిల్ కింద గుండీ పడకుండా చూసుకోవాలి. కింది మడతలోకి గుండీ రానివ్వకండి, దానికి ఒక బెత్తెడు పైనే ఆపేస్తే నడకకు కూడా వీలుగా ఉంటుంది.

కాజాలను నిలువుగా కుట్టాలా, అడ్డంగా కుట్టాలా అని మీరు అడగలేదు గాని అది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. వదులుగా ఉండే గౌనుకు, సన్నని పట్టీకి మధ్యగీతమీద నిలువు కాజాలు సరిపోతాయి. ఒంటికి అతుక్కుని ఉండే గౌనుకు అడ్డం కాజాలే మంచివి, ఎందుకంటే బట్ట పక్కకు లాగినప్పుడు గుండీ కాజా చివరికి చేరి అక్కడ ఆగుతుంది. ఆ చివర మధ్యగీతకు 3 మిల్లీమీటర్లు అంచువైపుగా ఉండేలా గుర్తు పెడితే, ఎంత లాగినా గుండీ మధ్యగీతమీదే నిలుస్తుంది. కాజా పొడవు గుండీ వ్యాసమూ మందమూ కలిపినంత ఉండాలి. గోళీలా ఉన్న గుండీకైతే చుట్టూ సన్నని కాగితపు పట్టీ చుట్టి, కలిసినచోట గుర్తుపెట్టి, విప్పి సగానికి మడిచి కొలవండి, దానికి 3 మిల్లీమీటర్లు కలపండి.

పట్టీ లోపల ఇస్త్రీతో అంటుకునే పలుచని క్యాన్వాస్ తప్పనిసరి. లేకపోతే కాజా అంచులు ఉతికిన కొద్దీ సాగిపోతాయి. మొదటి కాజాను గౌనుమీద ఎప్పుడూ కుట్టకండి. అదే బట్ట, అదే క్యాన్వాస్, అన్ని మడతలూ ఉన్న ముక్కమీద కుట్టి, గుండీని దూర్చి చూశాకే పట్టీమీదికి వెళ్లాలి. కాజాను కోసేటప్పుడు రెండు చివర్లా అడ్డంగా ఒక్కో గుండుసూది గుచ్చి, చివర్ల నుంచి మధ్యకు కోసుకుంటూ వస్తే బ్లేడు దారం తెంపదు. ఆడవారి దుస్తుల్లో కాజాలు కుడివైపున ఉండడం వాడుక. అయినా మీరు వేసుకునే గౌను కనుక మీ చేతికి ఎటు వీలైతే అటు పెట్టుకోండి.

ప్రశ్న: ముత్యపు చిప్ప, చెక్క, కొబ్బరి చిప్ప, లోహం, ప్లాస్టిక్ గుండీల్లో ఏవి మేలు? నిజమైన చిప్ప గుండీని ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: అందం సంగతి తరువాత, ముందు ఆ డ్రెస్‌ను మీరు ఎలా ఉతుకుతారో ఆలోచించండి. తరచుగా మెషీన్‌లో వేసే డ్రెస్ అయితే పాలిస్టర్ గుండీలను మించినవి లేవు. వాటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. చెక్క గుండీలూ, కొబ్బరి చిప్పతో చేసినవీ నేత బట్ట మీద ఎంతో సహజంగా కనిపిస్తాయి గాని, నీళ్లలో గంటల తరబడి నానితే ఉబ్బి, ఆరాక పగుళ్లు తీస్తాయి. వాటిని పెట్టిన దుస్తులను నానబెట్టకుండా చేత్తో ఉతికి వెంటనే ఆరవేయాలి. పూత పూసిన లోహపు గుండీలకు పూత పోయాక తుప్పు మరకల భయం ఉంది. కొందరి చర్మానికి నికెల్ పడదు, అలాంటివారు మెడ దగ్గర లోహం పెట్టుకోకపోవడం మంచిది.

నిజమైన చిప్ప గుండీని చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగులుతుంది, అదే కొలత ప్లాస్టిక్ గుండీకన్నా బరువుగానూ ఉంటుంది. వెనకవైపు తిప్పితే చిప్ప పొరల ఛాయలు, ఒక్కోసారి గోధుమరంగు మచ్చ కనిపిస్తాయి. ఏ రెండు గుండీల మెరుపూ ఒకేలా ఉండదు. ప్లాస్టిక్‌లో ఆ మెరుపు అన్నిటిలోనూ ఒకే తీరుగా ఉంటుంది. చిప్ప పెళుసు కనుక ఇస్త్రీ పెట్టెను దానిమీదుగా నడపకుండా చుట్టూ తిప్పాలి.

బట్టతో కప్పిన గుండీలు డ్రెస్‌లో కలిసిపోవాలనుకునేవారికి మంచి ఎంపిక. కాని పలుచని బట్ట వాడితే లోపలి లోహం బయటికి కనిపిస్తుంది, కాబట్టి కింద అదే రంగు లైనింగ్ ముక్కను మరో పొరగా వేయండి. రంధ్రాలకు బదులు వెనక కుట్టడానికి చిన్న తోక ఉన్న గుండీలు మందపాటి బట్టలకు తగినవి. పలుచని బట్టమీద అవి పక్కకు వాలిపోతాయి.

ప్రశ్న: కిందికి వెడల్పయ్యే ఘేర్ ఉన్న కాటన్ గౌను కింది అంచుకు పాలిస్టర్ లేసు కుట్టాను. కుట్టినప్పుడు చదునుగానే ఉంది. ఒక్క ఉతుకుకే లేసంతా అలలు అలలుగా లేచింది. లోపం మెషీన్‌దా, నాదా?

జవాబు: మెషీన్‌ది కాదు, కాటన్ కుంచించుకుపోయింది, పాలిస్టర్ లేసు కుంచించుకుపోలేదు, అంతే. ముందుగా తడపని కాటన్ మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 వంతులు తగ్గడం మామూలు విషయం. మీ గౌను చుట్టు 2.5 మీటర్లు అనుకుని, 3 వంతులే తగ్గిందనుకున్నా 7.5 సెంటీమీటర్ల లేసు మిగిలిపోతుంది. ఆ మిగులే మీకు అలలుగా కనిపిస్తోంది. కాటన్ లేసును సింథటిక్ బట్టమీద కుట్టి ఉంటే ఇందుకు తిరగబడి, లేసు బిగుసుకుని బట్ట కుచ్చులు పడేది.

ఇప్పుడు చేయవలసిందల్లా లేసు విప్పి, గౌనును ఇస్త్రీ చేసి, ఇప్పటి చుట్టుకు సరిగ్గా కొలిచి మళ్లీ వేయడం. మెషీన్ కింది పళ్లు కింది పొరనే ముందుకు లాగుతాయి, పైపొర మెల్లగా వెనకబడి చివరికి పొడుగు మిగులుతుంది. కనుక లేసును గుండుసూదులతో సరిపెట్టుకోకుండా కచ్చా కుట్టు వేసి, ఆ తరువాతే మెషీన్ కింద పెట్టండి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచండి. అయినా పలుచని బట్ట ముడతపడుతుంటే అడుగున పలుచని కాగితం పెట్టి కుట్టి, తరువాత చింపేయవచ్చు. ఘేర్ అంచు వంపుగా ఉంటుంది కనుక వెడల్పైన లేసు పైఅంచును కొద్దిగా కుచ్చి పెడితేనే వంపు వెంట చదునుగా పడుకుంటుంది. సన్నని లేసుకు ఆ అవసరం రాదు. లేసును ఎప్పుడూ వెనకవైపు నుంచి, కింద తువ్వాలు పరిచి, తక్కువ వేడిమీద ఇస్త్రీ చేయండి.

ఇకముందు కొత్త బట్టనూ, దానికి వాడబోయే లేసునూ, పైపింగ్ తాడునూ కూడా కత్తిరించకముందే తడిపి ఆరబెట్టుకోండి. ముదురు రంగు లేసయితే, తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డమధ్య పెట్టి ఇస్త్రీ పెట్టెతో ఒకసారి ఒత్తి చూడండి. రంగు గుడ్డకు అంటితే లేత రంగు గౌనుకు ఆ లేసు వద్దు, ఎంత నచ్చినా సరే.

ప్రశ్న: రెండేళ్ల పాప గౌనుకు మెడచుట్టూ పూసలు, ముందువైపు ముత్యాల్లాంటి గుండీలు పెట్టాలని ఉంది. ఎలా కుట్టాలి?

జవాబు: పెట్టకండి. ఆ వయసు పిల్లలు చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు, ఊడిన పూస గొంతుకు అడ్డం పడవచ్చు. ఎంత గట్టిగా కుట్టినా లాగే చేతులకు దారం లొంగుతుంది. వాటి బదులు దారంతో పువ్వులు కుట్టండి, లేదా జిగ్‌జాగ్ లేసును మధ్యగా ఒకే వరుస కుట్టుతో పరవండి. మెడ వెనకాల పొడవైన రిబ్బన్ ముడులు కూడా ఈ వయసుకు వద్దు.

ప్రశ్న: గుండ్రని మెడకు పైపింగ్ వేస్తే ప్రతిసారీ మెలితిరిగినట్టు వస్తుంది. ఒక్కోచోట పైకి లేచి నిలబడుతుంది కూడా. మెలకువ చెప్పగలరు.

జవాబు: మెలితిరగడానికీ, పైకి లేవడానికీ కారణాలు వేరు వేరు.

మెలితిరిగిందంటే తాడు చుట్టూ వేసే పట్టీ సరైన ఏటవాలులో తెగలేదని అర్థం. బట్ట పడుగు పోగును పేక పోగుమీదికి మూలగా మడిచినప్పుడు ఏర్పడే 45 డిగ్రీల మడత వెంటనే పట్టీలు కత్తిరించాలి. ముక్క ఆదా చేద్దామని కంటి కొలతతో వాలుగా కోస్తే పట్టీ ఒకవైపు సాగి, మరోవైపు సాగక, తాడు చుట్టూ తిరిగిపోతుంది. వెడల్పు లెక్క తేలికే. 3 మిల్లీమీటర్ల తాడు చుట్టుకొలత సుమారు 1 సెంటీమీటరు, దానికి రెండువైపులా కుట్టుకు ఒకటిన్నర సెంటీమీటర్లు చొప్పున కలిపితే 4 సెంటీమీటర్ల పట్టీ సరిపోతుంది. తాడును పట్టీలో పెట్టి కుట్టేటప్పుడు పైపొరను చేత్తో లాగకండి, జిప్పుకు వాడే పాదం తగిలించి తాడు పక్కనే నిదానంగా నడిపించండి.

పైకి లేస్తోందంటే పైపింగ్ ఎక్కువ పొడవు పడిందన్నమాట. మీరు కుట్టేటప్పుడు తాడు మెడ అంచుకు దూరంగా, పెద్ద వలయంలో ఉంటుంది. లోపలికి తిప్పాక అదే తాడు మెడ ఖాళీవైపు, చిన్న వలయంలోకి రావాలి. పొడవు మిగిలితే అది నిలబడక ఏం చేస్తుంది? కనుక గుండ్రని మెడకు పైపింగును ఇసుమంత బిగించి పరచండి. కాలర్ బయటి అంచులాంటి వంపుకు మాత్రం ఇందుకు విరుద్ధంగా, ముఖ్యంగా మూలల దగ్గర, కొంత వదులు ఇవ్వాలి. మెడచుట్టూ పైపింగ్ వెనక ఉండే మిగులు బట్టకు ప్రతి సెంటీమీటరుకూ కుట్టుదాకా, కాని కుట్టు తెగకుండా, చిన్న గాట్లు పెట్టండి. లోపలివైపు మడిచాక ఆ గాట్లు విచ్చుకుని మెడ చదునుగా కూర్చుంటుంది.

పైపింగ్ రెండు చివరలనూ మెడ వెనక భాగంలో, భుజపు కుట్టుకు దగ్గరగా కలపండి. కలిసేచోట ఒక చివర నుంచి సెంటీమీటరు మేర తాడును మాత్రం బయటికి లాగి కత్తిరించి, ఖాళీ అయిన బట్టను లోపలికి మడిచి, రెండో చివరను అందులో దూర్చి కుట్టేస్తే అతుకు దగ్గర ఉబ్బు రాదు.