వాకింగ్ ప్యాడ్ కొనేముందు టేపు తియ్యి

చి. సౌ. శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు వాకింగ్ ప్యాడ్ల ఫొటోలూ చూశాను. బల్ల కింద పెట్టుకుని, నడుస్తూ ఆఫీసు పని చేసుకునే చిన్న ట్రెడ్‌మిల్లే కదా ఇది. వాటిలో ఏది కొన్నా పెద్ద తేడా ఉండదు. తేడా అంతా బల్ల దగ్గరే వస్తుంది. ఈ మెషిన్లు నెల తిరక్కుండా మంచం కిందికి చేరేది ఎక్కువగా మోటారు కాలిపోయి కాదు. బల్ల ఎత్తు చాలక మెడ, భుజాలు పట్టేస్తాయి, దాంతో జనం వదిలేస్తారు. అందుకే డబ్బు కట్టేముందు కొలత టేపు తియ్యి.

బూట్లు వేసుకుని నిటారుగా నిలబడు. చెయ్యి ఒంటికి ఆనించి మోచేయి తొంభై డిగ్రీలు మడిచి, నేల నుంచి మోచేయి దాకా ఎవరిచేతైనా కొలిపించు. దానికి ప్యాడ్ ఎత్తు కలుపు. బెల్టు నేల నుంచి 10 నుంచి 13 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. నీది 5 అడుగుల 4 అంగుళాలు కదా, మోచేయి దాదాపు 102, బూటు అట్ట 2 లేదా 3, ప్యాడ్ 12 వేసుకుంటే మొత్తం 117 సెంటీమీటర్లు. నీ కీబోర్డు ఉండాల్సింది అక్కడ. మామూలు బల్ల 75 దగ్గరే ఉంటుంది. మోటారుతో లేచే చవక డెస్కులు చాలావరకు 117, 118 దగ్గర ఆగిపోతాయి. నీకు బొటాబొటిగా సరిపోతుంది. అల్లుడు ఆరడుగుల మనిషి, అతనికి 130 దాకా కావాలి. ఇద్దరూ వాడాలంటే గరిష్ఠ ఎత్తు చూసి మరీ కొనండి. పైగా డెస్కును చివరిదాకా లేపితే ఊగుతుంది, అడుగు అడుగుకీ మానిటరు వణుకుతుంది.

డెస్కుకు అంత పెట్టడం ఇష్టం లేకపోతే కార్పెంటరుతో గోడకు ఒక పలక వేయించు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, కింద మూడు బలమైన ఎల్ బ్రాకెట్లు చాలు. గోడకు బిగించింది కాబట్టి ఊగదు. గోడ ఇటుకదైతే మామూలు యాంకర్ బోల్టులు పట్టుకుంటాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలిక సిమెంటు దిమ్మెల గోడలుంటాయి, వాటికి ఆ దిమ్మెల కోసమే చేసిన బోల్టులు వాడాలి, లేకపోతే వారానికే ఊడి వస్తాయి. ఇంకో సంగతి, గోడకు ఎదురుగా నడుస్తావు కాబట్టి నీ వెనక కనీసం ఒక మీటరు ఖాళీ వదలాలి. మంచం అంచో బీరువానో వెనక ఉంటే, జారినప్పుడు బెల్టు నిన్ను తీసుకెళ్లి దానికే కొడుతుంది.

ఒక్క ల్యాప్‌టాప్‌తో ఈ పని కుదరదు. కీలు మోచేయి ఎత్తులో ఉంటే స్క్రీను ఛాతీ దగ్గర ఉంటుంది, మెడ వంగుతుంది. ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టి, స్క్రీను పై అంచు కంటి మట్టానికి తెచ్చి, కీబోర్డు, మౌసు విడిగా పెట్టుకో.

ఇక మెషిన్. బెల్టు వెడల్పు 40 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 43 ఉంటే హాయి. స్క్రీను చూస్తూ నడిచేటప్పుడు తెలియకుండానే ఒక పక్కకు జరుగుతాం, అందుకు. పొడవు నీకు 100 చాలు, అల్లుడికి 110 పైన ఉండాలి. బరువు పరిమితి మీలో ఎక్కువ బరువున్న వాళ్లకంటే ఇరవై కిలోలు పైన ఉండేలా చూడు. హార్స్‌పవర్ అంకెల్ని నమ్మకు, అట్టపెట్టె మీద వేసేది క్షణకాలపు గరిష్ఠం. మెల్లగా నడిస్తే మోటారుకు సుఖమనుకుంటారు గానీ, చాలా మెషిన్లలో చల్లబరిచే ఫ్యాను మోటారు ఇరుసు మీదే ఉంటుంది. మోటారు నిదానంగా తిరిగితే ఫ్యానూ నిదానమే. పైన మనిషి బరువు, లోపల గాలి తక్కువ, అందుకే వేడెక్కుతుంది. ముప్పావుగంట నడిచాక పావుగంట ఆపడం మెషిన్‌కీ మంచిది, నీకూ మంచిది.

దీన్ని మూడు పిన్నుల ప్లగ్గుతో, ఎర్తింగ్ ఉన్న గోడ పాయింటుకే పెట్టు. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఇంటి ఇన్వర్టరు లైన్లోనూ వద్దు. కరెంటు పోతే బెల్టు ఠక్కున ఆగి నువ్వు ముందుకు తూలుతావు. ముందు బల్ల ఉంటుంది కాబట్టి ఆసరా దొరుకుతుంది, అయినా పలక మీద కాఫీ కప్పు మూత లేకుండా పెట్టకు. అమెరికా నుంచి ఎవరో తెస్తామన్నారని రాశావు. వద్దను. అక్కడి 120 వోల్టుల మెషిన్‌ను మన 230కి పెడితే లోపలి సర్క్యూట్ బోర్డు మాడిపోతుంది.

మొదటి వారం గంటకు ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో పదిహేను నిమిషాలు, రోజుకు రెండుసార్లు. అంతకంటే వద్దు. ఆ తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ, వేగం రెండు, రెండుంపావుకు తెచ్చుకో. మూడు దాటితే అక్షరాలు తప్పుతాయి. కీబోర్డు కంటే మౌసే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎక్సెల్‌లో చిన్న గడులు పట్టుకోవడం చిరాకు. మెయిళ్లు చదవడం, ట్రైనింగ్ వీడియోలు, నువ్వు వినడమే తప్ప మాట్లాడని మీటింగులు నడకకు పెట్టుకో. తల బద్దలయ్యే పని కూర్చునే చెయ్యి. మాట్లాడాల్సిన కాల్‌లో నోటి దగ్గరికి మైకు వచ్చే హెడ్‌సెట్ పెట్టుకో, ల్యాప్‌టాప్ మైకు అడుగుల చప్పుడంతా అవతలికి మోసుకెళ్తుంది.

దిగేటప్పుడు తొందరపడకు. చాలాసేపు నడిచాక నేల కదులుతున్నట్టు అనిపిస్తుంది. వేగం తగ్గించి, పూర్తిగా ఆగాక పది లెక్కపెట్టి దిగు.

బూట్లు తప్పనిసరి. చెప్పులు, ఉత్త సాక్సులు, వట్టి కాళ్లు వద్దు, బెల్టు వేడికి అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. చున్నీ వేలాడనివ్వకు, మెడలో వేసుకుంటే కొసలు నడుముకు బిగించు. అల్లుడికీ చెప్పు, లుంగీతో ఎక్కొద్దని. అన్నిటికంటే ముఖ్యం, బుజ్జిగాడు. వెనక రోలరు దగ్గర పసివాడి వేళ్లు సరిగ్గా పట్టేంత సందు ఉంటుంది. నువ్వు దిగిన ప్రతిసారీ ప్లగ్గు పీకెయ్, రిమోటు వాడికి అందనిచోట పెట్టు.

బరువు తగ్గుతానా అని అడిగావు. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో డాక్టర్ జేమ్స్ లెవీన్ వాళ్లు స్థూలకాయులైన 15 మందితో చేసిన పరిశీలన 2007లో వచ్చింది. కూర్చుని పనిచేస్తే గంటకు 72 కేలరీలు, గంటకు 1.8 కిలోమీటర్ల లోపు వేగంతో నడుస్తూ చేస్తే 191. తేడా 119, అంటే రెండు ఇడ్లీలు, చట్నీ లేకుండా. నీ బరువు తక్కువ కాబట్టి నీకు ఇంకా తక్కువే. ఇది కూర్చోవడానికి విరుగుడు, పార్కులో చెమటపట్టే నడకకు బదులు కాదు. కానీ భోజనం చేశాక పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే తిన్న తర్వాత రక్తంలో చక్కెర ఎక్కువగా పెరగకుండా ఉంటుంది. ఆ ఒక్క నడక మానకు. అత్తగారు ఎక్కుతానంటే మాత్రం ముందు డాక్టర్ని అడగండి. షుగరు మందులు వాడుతున్నారు, పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే పుండు పడినా తెలియదు. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని మెషిన్ ఇది.

బెల్టు ఒక పక్కకు జరుగుతుంటే కంగారు పడకు. వెనక రెండు చివర్లా బోల్టులుంటాయి, వాటిని తిప్పే ఆరు పలకల ఎలెన్ కీ పెట్టెలోనే వస్తుంది. ఖాళీగా మూడు కిలోమీటర్ల వేగంతో తిప్పు. బెల్టు ఎడమకు జరిగితే ఎడమ బోల్టును గడియారం ముళ్లు తిరిగే దిక్కుగా పావు చుట్టు తిప్పి రెండు నిమిషాలు చూడు. కుడికి జరిగితే కుడి బోల్టు. అడుగు వేసినప్పుడు బెల్టు జారి ఆగుతుంటే రెండింటినీ సమానంగా పావు చుట్టు బిగించు. అతిగా బిగిస్తే బేరింగులు అరిగిపోతాయి.

బెల్టు కింద మూడు నెలలకోసారి అచ్చమైన సిలికోన్ ఆయిల్, రెండు పక్కలా కలిపి పది మిల్లీలీటర్లు. ముందు పొడిగుడ్డతో లోపలి దుమ్ము తుడువు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ వద్దు, బెల్టు అడుగు ఉబ్బి లేచిపోతుంది. కింద ఆరు మిల్లీమీటర్లకు తగ్గని రబ్బరు చాప వెయ్యి. టైల్సు మీద ప్యాడ్ జారకుండానూ ఉంటుంది, నీ రాత్రి షిఫ్టుకు కింది ఫ్లాటు వాళ్లు పైకి రాకుండానూ ఉంటారు.

మోచేయి కొలత, గోడ దేనితో కట్టిందో రెండూ ఆదివారంలోపు పంపు. ప్లైవుడ్డు, బ్రాకెట్లు ఏవి తెప్పించాలో రాసిస్తాను. అప్పటిదాకా కార్డు గీకకు.

మీ పెదనాన్న