ఫోనులో ఆటలుండగా పిల్లవాడికి వీడియో గేమ్ కన్సోల్ దండగేనా?

ప్రశ్న అడిగినవారి అబ్బాయికి తొమ్మిదేళ్ళట. ఫోనులో ఉచితంగా వందల ఆటలు దొరుకుతుంటే, టీవీకి తగిలించే పెట్టె కోసం యాభై వేలు పోయడం ఎందుకని వారి సందేహం. కొనండి. కాని దానితోపాటు రెండో కంట్రోలర్ (చేత్తో పట్టుకుని ఆడే బొత్తాల పలక) కూడా కొనండి. రెండోది కొనే ఉద్దేశం లేకపోతే అసలు పెట్టే వద్దు. ఆ డబ్బుతో పిల్లవాడికి మంచి సైకిలు కొని, మిగిలింది బ్యాంకులో వేసుకోండి.

ఇంత ఖచ్చితంగా చెప్పడానికి కారణం మా అమ్మమ్మ.

1997 వేసవి, తెనాలిలో అమ్మమ్మగారిల్లు. మా చిన్న మామయ్య విజయవాడ వెళ్ళి, బీసెంట్ రోడ్డులో ఒక వీడియో గేమ్ కొనుక్కొచ్చాడు. 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ విడుదల చేసిన ఫామికామ్ అనే కన్సోల్‌కు అది ఊరూ పేరూ లేని నకలు అని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరువాత. దాని క్యాసెట్ మీద 9999999 ఆటలు అని ముద్రించి ఉంది. నలుగురు పిల్లలం సెలవులన్నీ కూర్చుని లెక్కపెడితే పన్నెండు తేలాయి. మిగిలినవన్నీ ఆ పన్నెండే, పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ వేసినవి. మనిషి జీవితంలో మొదటి మోసం ఇలాంటిదే అయితే అదృష్టమే అనుకోవాలి.

ఆట మొదలుపెట్టడమే ఒక తతంగం. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి దీని తీగ గుచ్చాలి. తరువాత ఒకడు చానల్ మర సన్నగా తిప్పుతుంటే మిగిలినవాళ్ళం "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరవాలి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టాలి. ఊదడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువనీ, నోటి తడికి లోపలి రాగి పట్టీలు పాడవుతాయనీ తరువాత చదివాను. నిజానికి పనిచేసింది ఊపిరి కాదట, తీసి మళ్ళీ గట్టిగా పెట్టడమట. మామయ్య మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

మా అందరికీ ప్రాణం తుపాకీ ఆట, అదే డక్ హంట్. రెండో కంట్రోలర్ పీకి ఆ గూట్లో తుపాకీ తీగ పెట్టేవాళ్ళం. తెర మీద గడ్డిలోంచి బాతు లేస్తుంది, మూడు గుళ్ళలో కొట్టాలి. తప్పితే కుక్క లేచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆ కుక్కను కాల్చాలని తెనాలిలో ఎంతమంది ప్రయత్నించారో గాని దానికి గుండు తగలదు.

మా అమ్మమ్మ బెల్లానికి చీమలు పడితే విదిలించేది కాదు. ఎండలో పెట్టి, అవి వాటంతట అవి వెళ్ళిపోయేదాకా పక్కనే కూర్చునేది. అలాంటి మనిషి ముందు మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాతులను కాలుస్తున్నాం. బాతు పడ్డ ప్రతిసారీ "అయ్యో, అయ్యో" అనేది. అవి ఆవకాయ రోజులు. హాల్లో గచ్చు మీద ముక్కలు పోసుకుని, ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తూ టీవీ వైపు చూస్తూ ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం నాకు పది బాతుల్లో ఒక్కటీ తగల్లేదు. అప్పటిదాకా మా నలుగురిలో నేనే పెద్ద వేటగాడిని. పెద్దమ్మ కొడుకు నవ్వి తుపాకీ లాక్కున్నాడు. వాడికీ తగల్లేదు. బాతు తీరే మారిపోయింది. సూటిగా వస్తున్నదల్లా గుండు పేలే ముందు గిరుక్కున వెనక్కి మళ్ళుతుంది, తెర పై అంచు పట్టుకుని అటూ ఇటూ తచ్చాడుతుంది. కుక్క నవ్వుతూనే ఉంది. తుపాకీ పాడైందని తేల్చేశాం. మామయ్య స్క్రూడ్రైవర్ తెచ్చి విప్పితే లోపల ఒక స్ప్రింగు, బొత్తాం అంత అద్దం, రెండు తీగలు. అంతా బాగానే ఉంది. మూడు రోజులు ఇదే గొడవ. నేను అన్నం కూడా సరిగా తినలేదు.

మూడో రోజు మా చిన్న మరదలు కనిపెట్టింది. "నానమ్మా, నీ ఒళ్ళో ఏముంది?"

"ఏముంటుందే, ముక్కలు తుడిచే గుడ్డ."

గుడ్డ కింద మొదటి కంట్రోలర్ ఉంది. దాని ప్లస్ బొత్తాం మీద అమ్మమ్మ బొటనవేలు ఉంది.

ఒకే బాతు వచ్చే ఆటలో తుపాకీ ఒకరు పట్టుకుంటే, కంట్రోలర్‌తో ఇంకొకరు బాతును నడపవచ్చు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. నేల మీద పడి ఉన్నదాన్ని పక్కకు జరపబోయి, అనుకోకుండా నొక్కి, బాతు మళ్ళడం చూసి అమ్మమ్మ కనిపెట్టేసింది. మేం అడిగితే సిగ్గు కూడా పడలేదు. "కాల్చడానికి మీరు నలుగురున్నారు. దాని వైపు ఒక్కరైనా ఉండవద్దుటరా?" అంది.

అప్పటి నుంచి అసలు ఆట మొదలైంది. అమ్మమ్మ బాతును కొట్టడానికి పక్కింటివాళ్ళు కూడా వచ్చేవారు. కరెంటు పోతే వచ్చేదాకా అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవారు. ఆ సెలవుల్లో నేను కొట్టగలిగింది మూడుసార్లే. అందులో ఒకసారి ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది, అది లెక్కలోకి రాదని తీర్పు చెప్పారు.

ఇప్పుడు చెప్పండి, ఫోనులో ఇది ఎక్కడ జరుగుతుంది? ఫోను ఒక్క మనిషి వస్తువు. పిల్లవాడు దాని మీదికి వంగితే వాడి ఓటమి మనకు కనిపించదు, గెలుపూ కనిపించదు. టీవీ ఇల్లంతటిది. అందుకే కన్సోల్ హాల్లోనే పెట్టండి, పడకగదిలో పెడితే అదీ పెద్ద ఫోనే. టీవీ చూస్తే కళ్ళు పోతాయని చెప్పే బంధువులు వస్తారు. వాళ్ళు వరుసగా మూడు సీరియళ్ళు చూస్తారు, పట్టించుకోకండి.

అలాగని ఇప్పటి కన్సోళ్ళన్నిటినీ నేను వెనకేసుకు రావడం లేదు. మా ఇంట్లో ఒకటి ఉంది. దుకాణంలో డబ్బు కట్టి తెచ్చిన డిస్కు పెడితే ఆట మొదలవదు, ఏదో డౌన్‌లోడ్ కావాలంటుంది, పూటంతా అదే పని. చాలావాటికి పెట్టెలో ఒక్కటే కంట్రోలర్ ఇస్తారు. రెండోది కొనాలంటే మళ్ళీ వేలు. అదీ కొన్నాక చూస్తే, సగం ఆటల్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే వీలే ఉండదు. స్నేహితుడు వాడి ఇంట్లో, మనం మన ఇంట్లో, మధ్యలో ఇంటర్నెట్టు. కాబట్టి ఆట కొనే ముందు అట్ట మీద ఎంతమంది ఆడవచ్చో చదవండి. '1' అని మాత్రమే ఉంటే అక్కడే పెట్టేసి రండి.

మామయ్య ఆ పాత పెట్టెను ఇంకా అటక మీదే ఉంచాడు. మొన్న సంక్రాంతికి దించి, కొత్త టీవీకి తగిలించాం. బాతులు ఎగిరాయి, కుక్క నవ్వింది, ఒక్క గుండూ తగల్లేదు. ఈసారి అమ్మమ్మ లేదు, తప్పు టీవీది. ఆ తుపాకీలోంచి ఏదీ బయటికి రాదు, అది చూస్తుంది. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీలోని అద్దం పట్టుకుంటే తగిలినట్టు. పాత డబ్బా టీవీలో ఆ మెరుపు వెంటనే వస్తుంది, పల్చటి టీవీలో కాస్త ఆలస్యమవుతుంది. తుపాకీ ఆగదు.

మీలో ఎవరి ఇంట్లోనైనా పనిచేసే డబ్బా టీవీ ఉంటే ఇక్కడే చెప్పండి. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కలైతే నేనే వచ్చి తీసుకెళ్తాను.