ఒక్కరోజు పెర్‌ఫ్యూమ్ వర్క్‌షాప్‌లో నిజంగా ఏం నేర్చుకోవచ్చు? మల్లెపూలతో ఇంట్లోనే సెంటు చేసుకోవచ్చా?

ముందు రెండో ప్రశ్న. మల్లెపూలు స్పిరిట్‌లో నానబెడితే సెంటు రాదండి. పూలలో నీరెక్కువ, పరిమళం చాలా తక్కువ. చివరికి మిగిలేది గోధుమరంగు నీళ్లు, ఎండుగడ్డి వాసన. సెంట్లలో వాడే మల్లె అబ్సల్యూట్‌ను (చిక్కటి పూల సారాన్ని) హెక్సేన్ లాంటి ద్రావణితో తీస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో రాగి డేగుల్లో (పెద్ద బట్టీ పాత్రల్లో) పూలు, నీళ్లు పోసి కాచి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపి అత్తరు చేస్తారు. అది వేరే విద్య. వర్క్‌షాప్‌లో నేర్పేది సిద్ధంగా ఉన్న నూనెలు, సువాసన రసాయనాలు కలిపి స్పిరిట్‌లో పలచన చేయడం.

మొదటి పాఠం వాసన చూడటమే. కాగితపు పట్టీ మీద పేరు, టైమ్ రాసి ముంచండి. వెంటనే, అరగంటకు, నాలుగు గంటలకు, మర్నాడు పొద్దున మళ్లీ చూడండి. బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు నూనె) తొందరగా ఎగిరిపోతుంది, వట్టివేరు మర్నాటికీ ఉంటుంది. ఈ తేడా ముక్కుకు తెలిశాకే ఫార్ములా అర్థమవుతుంది. ముక్కు మొద్దుబారితే కాఫీ గింజలు అక్కర్లేదు, కాసేపు బయటి గాలి పీలిస్తే చాలు.

కొలత మాత్రం గ్రాముల్లోనే. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కొనండి. చుక్కలు లెక్కపెడితే చిక్కటి వట్టివేరు చుక్క ఒక బరువు, పలచటి నిమ్మ చుక్క ఇంకో బరువు; అదే సెంటు రెండోసారి రాదు. ఘాటైనవి ముందే 10 శాతానికి పలచన చేసి పెట్టుకోవాలి, అంటే 1 గ్రాముకు 9 గ్రాముల స్పిరిట్. 0.05 గ్రాము మల్లెను ఆ కాటా నమ్మకంగా తూచలేదు, 0.50 గ్రాము ద్రావణాన్ని తూచగలదు.

20 గ్రాముల సీసాకు, సుమారు 12 శాతం గాఢతతో, ఒక మల్లె ఫార్ములా ఇస్తున్నా, అంకెలన్నీ గ్రాముల్లో. అడుగున, అంటే చివరిదాకా నిలిచేవి: వట్టివేరు 0.30, ఐసో ఈ సూపర్ (కలప వాసనిచ్చే రసాయనం) 0.50, సాంబ్రాణి 50 శాతం ద్రావణం 0.20. మధ్యలో హెడియోన్ (తేలికపాటి మల్లె వాసనిచ్చే రసాయనం) 0.80, మల్లె అబ్సల్యూట్ 10 శాతం ద్రావణం 0.50, జెరేనియం 0.20. పైన, అంటే ముందుగా ఎగిరేది: బెర్గమాట్ 0.50. పలచన చేసిన ద్రావణాలతో కలిపి మొత్తం 3 గ్రాములు. ఇదే వరుసలో పోయండి. తొందరగా ఎగిరేవి చివర్లో పడితే నష్టం తక్కువ. మూతపెట్టి రెండు మూడు రోజులు ఉంచాక 17 గ్రాముల స్పిరిట్ కలిపి, చీకట్లో మూడు నాలుగు వారాలు వదిలేయండి. అదే రోజు చూసి బాలేదని పారబోయకండి, కొత్తలో స్పిరిట్ ఘాటు ముందుకొస్తుంది.

బెర్గమాట్ విషయంలో జాగ్రత్త. మామూలు పిండిన నూనెలో బెర్గాప్టెన్ ఉంటుంది, అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలి మచ్చ పడుతుంది. తయారైన సెంటులో 0.4 శాతం దాటకూడదు, అంటే ఈ సీసాకు 0.08 గ్రాము. పైన 0.50 రాసింది బెర్గాప్టెన్ తీసేసిన రకానికే.

స్పిరిట్‌గా పెర్‌ఫ్యూమరీ గ్రేడ్ ఇథనాల్ వాడాలి. శానిటైజర్‌లో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. నూనెలు కరగక పాలలా తెల్లబడుతుంది, రాసుకుంటే జిగట. సర్జికల్ స్పిరిట్‌లో కలిపే మందుల వాసన పోదు. ఇథనాల్ ఆవిరి మామూలు గది వేడిలోనే నిప్పు తగిలితే అంటుకుంటుంది కాబట్టి స్టవ్వు, అగరువత్తి ఉన్న గదిలో ఈ పని పెట్టుకోకండి. మంచి స్పిరిట్‌తో చేసినా కొద్దిగా మసకబారితే ఒకరోజు ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉండగానే కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. వెనిలిన్ (వెనిలా వాసనిచ్చే పదార్థం) ఉన్న సెంటు రానురాను గోధుమరంగుకు తిరుగుతుంది, అది చెడిపోవడం కాదు. తెల్ల బట్టల మీద మాత్రం కొట్టకండి.

ఫీజు కట్టేముందు నిర్వాహకులను మూడు విషయాలు అడగండి: కాటాలు ఇస్తారా, డ్రాపర్లేనా? ఏ స్పిరిట్ వాడతారు? చేసిన ఫార్ములా గ్రాముల్లో రాసి ఇస్తారా? ముందే కలిపిన 'రోజ్ బేస్', 'ఊద్ బేస్' సీసాల్లోంచి చుక్కలు వేయించడమే వర్క్‌షాప్ అయితే, ఆ డబ్బుతో కాటా, ఐదారు నూనెలు, పట్టీలు కొనుక్కోవడం మేలు.