అమ్మాయికి ఫ్యాక్టరీ ఉద్యోగం: నైట్ షిఫ్టు కన్నా పెద్ద నష్టం వేరే ఉంది

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ బీటెక్ పూర్తిచేసింది. శ్రీసిటీలో ఆటో విడిభాగాల కంపెనీకి ట్రైనీ ఇంజినీరుగా క్యాంపస్‌లో ఎంపికైంది. మూడు షిఫ్టులు, చుట్టూ మగవాళ్లే. బంధువులు వద్దంటున్నారు. అమీర్‌పేటలో ఏఐ కోర్సు చేయించడం మేలా? లేక ఉద్యోగంలో చేర్చి, జనరల్ (పగటి) షిఫ్టులో క్వాలిటీ విభాగానికి మార్చమని కంపెనీని అడగమంటారా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీరు షిఫ్టుల గురించి అడిగారు గానీ, లోపలి బెంగ ‘నైట్ డ్యూటీ చేసే పిల్లకు సంబంధాలు వస్తాయా’ అన్నదే. వస్తాయండి. సాఫ్ట్‌వేర్ అమ్మాయి అమెరికా వాళ్ల కోసం అర్ధరాత్రి దాకా కాల్స్‌లో కూర్చుంటే రాని అభ్యంతరం ఫ్యాక్టరీ అనేసరికి ఎందుకొస్తుంది?

1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఆడవాళ్లను పనిలో పెట్టకూడదంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ ప్రకారం ఆమె ఒప్పుకుంటే పెట్టుకోవచ్చు, భద్రత బాధ్యత మాత్రం యాజమాన్యానిది. కాబట్టి చేరే ముందు మీ అమ్మాయి హెచ్ఆర్‌ను నేరుగా అడగాలి: షిఫ్టు బండి హాస్టల్ గేటు దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుందా? అదే షిఫ్టులో ఇంకెంతమంది ఆడవాళ్లుంటారు? ప్రొడక్షన్ లైన్‌కు టాయిలెట్ ఎంత దూరం? సేఫ్టీ షూ 4, 5 సైజుల్లో ఉందా? పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి. సభ్యుల పేర్లు బోర్డు మీద ఉన్నాయా? వీటికి హెచ్ఆర్ నీళ్లు నమిలితే అప్పుడు భయపడండి.

ఇక జనరల్ షిఫ్టు సంగతి. దయచేసి ఆ పని చేయకండి. ప్రొడక్షన్ లైన్ అప్పగిస్తే ఆమె పేరు మీద నాలుగు లెక్కలుంటాయి: ఉత్పత్తి, రిజెక్షన్, మెషిన్ ఆగిన నిమిషాలు, గైర్హాజరు. రేపు షిఫ్ట్ ఇన్‌ఛార్జి, ఆపైన ప్లాంట్ హెడ్ ఎంపికలో ముందు చూసేవి అవే. ఆడిట్ ఫైళ్లు, 5ఎస్ (పనిచోటు శుభ్రత, క్రమం) బోర్డులు చూసుకునే అమ్మాయికి మెచ్చుకోళ్లు దండిగా వస్తాయి, టీమ్ మాత్రం రాదు. క్వాలిటీ తక్కువ పనని కాదు. రెండు మూడేళ్లు లైన్ నడిపి అక్కడికి వెళితే ఆమె మాటకు బరువుంటుంది. ‘పాపం ఆడపిల్ల’ అని మేనేజర్లే పక్కకు తప్పిస్తుంటారు. దానికి తండ్రి సిఫారసు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది?

మగ ఆపరేటర్లు మాట వింటారా అంటే, మొదట్లో వినరు. పదిహేనేళ్లుగా సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ నడిపే కోత మెషిన్) మీద ఉన్నవాడు కొత్త కుర్రాడి మాటా వినడు. ఉదాహరణకు 25 మిల్లీమీటర్ల షాఫ్ట్, టాలరెన్స్ (అనుమతించే తేడా) 13 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు పదమూడు. సైజు తప్పుతోంది. కొత్త సూపర్‌వైజర్ ఒక్క పీసు చూసి ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూల్ స్థానాన్ని సవరించే అంకె) మార్పిస్తాడు, ఆ తర్వాతి పీసులు రెండో వైపు పోతాయి. వరసగా ఐదు పీసులు మైక్రోమీటర్‌తో కొలిచి రాయాలి. కొలత కొద్దికొద్దిగా పెరుగుతూ పోతే ఇన్సర్ట్ (లోహాన్ని కోసే చిన్న బిళ్ల) అరుగుతున్నట్టు. ఆఫ్‌సెట్ సవరించాలి, లేదా ఇన్సర్ట్ అంచు మార్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తుంటే ఆఫ్‌సెట్ ముట్టుకోకూడదు, ముందు చక్ జాలు (పీసును పట్టుకునే దవడలు), బిగింపు చూడాలి. ఈ తేడా పట్టుకుని, తప్పు ఆపరేటర్ మీదికి నెట్టకుండా లైన్ నడిపిస్తే, ఆ మనిషే మరుసటి వారం ‘మేడమ్, ఇది కాస్త చూడండి’ అంటాడు. శ్రీసిటీ తమిళనాడు సరిహద్దు గనక నాలుగు ముక్కల తమిళం వస్తే ఇంకా సులువు.

ఏఐ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. నాలుగేళ్లలో కోడింగ్ జోలికి పోని పిల్లను నాలుగు నెలల్లో డేటా సైంటిస్టును చేస్తామంటే ఎలా నమ్మారు? పోటీ నాలుగేళ్లూ కోడింగే చదివిన సీఎస్ఈ వాళ్లతో. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ బోర్డుల వెనక కొన్నిచోట్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కూడా అమ్ముతారు. పీఎఫ్ ఖాతా సర్వీసు వివరాలు చూడగానే అది బయటపడుతుంది. ఆమెకు నిజంగా ఆసక్తి ఉంటే రెండేళ్ల తర్వాత నేర్చుకోనివ్వండి. మెషిన్ ఎందుకు ఆగుతుందో తెలిసినవాళ్ల చేతిలో ఫ్యాక్టరీ డేటాకు అర్థముంటుంది.

చేరేలోపు డ్రాయింగ్ మీది జీడీ అండ్ టీ (ఆకారం, కొలతల్లో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే) గుర్తులు చదవడం, వెర్నియర్, మైక్రోమీటర్ తడుముకోకుండా వాడటం సాధన చేయించండి. మొదటి ఆరు నెలలు ఒళ్లు నొప్పులంటుంది, నిద్ర చాలదంటుంది, మానేస్తానని ఏడుస్తుంది కూడా. ఆ ఫోన్ వచ్చిన రాత్రే ‘వచ్చేయమ్మా’ అనకండి, వారం ఆగి మళ్లీ మాట్లాడండి. డిపార్ట్‌మెంట్ మారాలనుకుంటే ఆమే అడుగుతుంది. మీరు మాత్రం హెచ్ఆర్‌కు ఫోన్ చేయకండి.