జేబులో టెలిగ్రాము
(ఒక యువ రచయితకు లేఖ)

నరసాపురం

చిరంజీవికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు ఆ రోజు పంటు దిగి వచ్చి, మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, కథ నా చేతిలో పెట్టి “నిదానంగా చదవండి బాబాయ్ గారూ” అని వెళ్లిపోయావు. నువ్వు వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవు చేరేలోపే చదివేశాను. చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది. ఎదురుగా ఉంటే నీ ముఖం చూసి మెత్తబడతాను, అందుకే నువ్వు ఢిల్లీ చేరాక రాస్తున్నాను. శిక్షణ ముగిసి ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో దక్షిణ సూడాన్ విమానం ఎక్కేలోపు ఇది నీకు అందాలి.

కథ బాగుంది, చివరి రెండు పేజీలు తప్ప.

ఆ రెండు పేజీల్లో నిండు నెలల భార్య గుమ్మంలో నిలబడి హారతి ఇస్తుంది. తిలకం దిద్దుతుంది. “నా గురించి ఆలోచించకండి, దేశం పిలుస్తోంది” అంటుంది. అతను వెనుదిరిగి చూడకుండా నడిచిపోతుంటే కొబ్బరాకులు తలలు వంచుతాయి. మీ ఊరి కొబ్బరాకులకు ఇంత దేశభక్తి ఎప్పటి నుంచి నాయనా?

వెక్కిరిస్తున్నాననుకోకు. ఈ హారతి నేనూ రాశాను.

1987 వైశాఖంలో నా పెళ్లి. రెండు నెలలు తిరగకుండానే ఆషాఢం వచ్చింది, మీ పిన్ని పుట్టింటికి వెళ్లింది. నేను అప్పుడు సికింద్రాబాద్‌లో, సైన్యం సిగ్నల్స్ విభాగంలో నాయక్‌ని. ఆ జూలై 29న కొలంబోలో భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలయ్యాయి, సికింద్రాబాద్ డివిజన్ పటాలాలు ఒక్కొక్కటే శ్రీలంకకు కదిలాయి. దసరాకు నాకు సెలవు దొరికింది. శాంతి కాపాడటానికే కదా వెళ్లింది, యుద్ధం చేయడానికి కాదు కదా అని ఊళ్లో అడిగిన వాళ్లందరికీ చెప్పాను. నేనూ అలాగే నమ్మాను. నన్ను కూడా లంకకు పంపిస్తారేమో అంటే మా నాయనమ్మ, “ఈ నీళ్లప్పుడు లంకలో ఏం పని?” అంది. ఆవిడకు తెలిసిన లంక గోదావరి మధ్యలో మాకున్న అర ఎకరం.

దసరా వెళ్లిన వారానికి కాలువ గట్టు మీద పోస్టుమ్యాన్ సైకిలు ఆపి టెలిగ్రాము ఇచ్చాడు. సెలవు రద్దు, వెంటనే రిపోర్టు చేయమని. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. మామూలు కంటే ఎక్కువే తిన్నాననుకుంటా. అప్పటికి మీ పిన్నికి రెండో నెల, ఆ సంగతి మా అమ్మకు తప్ప బయట ఎవరికీ తెలియదు. రాత్రంతా వరి ధర గురించి, మేనత్త గారి గేదె గురించి మాట్లాడాను. టెలిగ్రాము గురించి మాట్లాడలేదు.

తెల్లారి ఆవిడ ఆ చొక్కా ఉతకడానికి రేవులోకి తీసుకెళ్లింది. గుర్తొచ్చి నేను పరుగెత్తుకు వెళ్లేసరికి మెట్టు మీద తడిసిన కాగితం పరిచి ఉంది, గాలికి ఎగరకుండా పైన గులకరాయి పెట్టి ఉంది. అక్షరాలు అలుక్కుపోయాయి కానీ చదవడానికి వస్తున్నాయి. ఆవిడ వంగి చొక్కా బాదుతూనే ఉంది. తల ఎత్తకుండా “ఎన్ని గంటల బండి?” అంది. సాయంత్రం అన్నాను. ఆ తర్వాత బండి ఎక్కేదాకా నాతో మాట్లాడలేదు, స్టేషనుకూ రాలేదు. కోపం వెళుతున్నందుకు కాదని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. ఒక రాత్రంతా తన పక్కన పడుకుని గేదె గురించి మాట్లాడినందుకు.

తిరిగొచ్చాక నేను రాసిన మొదటి కథలో ఈ రేవు లేదు. హారతి ఉంది. వారపత్రికలో మంచి బొమ్మతో అచ్చయింది, ఉత్తరాలు కూడా వచ్చాయి. మీ పిన్ని చదివి పత్రిక మూసి, “ఈవిడెవరు?” అని అడిగింది. అంతకంటే గట్టి విమర్శ ఇంతవరకు నాకు ఎవరూ రాయలేదు.

ఇప్పుడు నీ కథకు వద్దాం. నీది నాదానికంటే కష్టమైన కథ. నేను వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదీ ఏడ్చారు, నా అయిష్టానికి తోడు దొరికింది. నీ ఇంట్లో అందరూ సంతోషిస్తున్నారు. ఐక్యరాజ్యసమితి డ్యూటీ అంటే పటాలంలో పేరు రావాలని కోరుకునే వాళ్లే ఎక్కువ. ఏడాదిలో వచ్చే భత్యంతో పై అంతస్తు స్లాబు పడుతుందని మీ నాన్న అప్పుడే మేస్త్రీతో మాట్లాడాడు. అబ్బాయి ఆఫ్రికా వెళుతున్నాడని ఊళ్లో చెప్పుకుంటున్నారు. కోనసీమలో గల్ఫ్‌కు వెళ్లని ఇల్లు అరుదు కదా, విమానం ఎక్కడం అంటే మనవాళ్లకు శుభవార్త. ఇంత సంబరం మధ్య ఒక్కడికే వెళ్లాలని లేదు. మరో నెలన్నరలో తొలి కాన్పు. ఎవరికైనా చెబితే “పిచ్చివాడా, అదృష్టం వరిస్తే ఏడుస్తావా” అంటారు. ఇది నువ్వు మూడో పేజీలో ఒక్క వాక్యంలో రాసి దాటేశావు. అక్కడ ఆగు. మేస్త్రీ టేపుతో డాబా కొలుస్తుంటే అతను కింద టేపు కొస పట్టుకుని నిలబడ్డాడని రాశావు చూడు, ఆ టేపు కొస నాకు నీ హారతి పళ్లెం కంటే బరువుగా తోచింది.

వెళ్లనని చెప్పే వీలు లేదా అని పాఠకుడు అడుగుతాడు. నీ కథలో దానికి జవాబు లేదు. అర్జీ పెట్టుకోవచ్చు, సీఓ (కమాండింగ్ ఆఫీసర్) గారి ఇంటర్వ్యూ అడగవచ్చు, కుటుంబ కారణాలు చెప్పుకోవచ్చు. కాదన్నాక మాత్రం ఆజ్ఞ ఆజ్ఞే. 1950 సైనిక చట్టంలో ఆజ్ఞ మీరడం గురించిన 41వ సెక్షన్ ఏమిటో నీకు నేను చెప్పనక్కర్లేదు. మరి నీ కథానాయకుడు అడిగాడా? సీఓ గది బయట బూట్లు మెరిసేలా తుడుచుకుని నిలబడి, లోపలికి వెళ్లాక “అంతా బాగుంది సార్” అని వచ్చేశాడా? రెండూ జరుగుతాయి. రెండోదే ఎక్కువ జరుగుతుంది. ఏది జరిగిందో అది రాయి.

నీ రాతలో నాకు బాగా నచ్చినది నువ్వు అర పేరాలో ముగించిన క్లర్కు సంగతి. పెళ్లయిందని పార్ట్ టూ ఆర్డర్ పడాలి, పడితేనే ఆ పిల్ల సైన్యం లెక్కలో భార్య. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో నీ ఇంటిపేరు, ఒక చోట పేరు చివర ఒక అక్షరం ఎక్కువ. కాగితం మూడుసార్లు వెనక్కి వచ్చింది. కడుపులో బిడ్డ కదులుతోంది, కాగితంలో తల్లి ఇంకా పుట్టలేదు. పుట్టబోయే బిడ్డకు మళ్లీ ఇంకో ఆర్డర్ పడాలి, అప్పటికి అతను ఇక్కడ ఉండడు. దీన్ని మూడు పేజీలు రాయి. “పార్ట్ టూ ఆర్డర్” అనే రాయి, దాన్ని ఏదో సైనిక ఆజ్ఞాపత్రం అని అనువదించకు. పాఠకుడికి ఆ మాట తెలియకపోయినా కౌంటరు ముందు నిలబడటం తెలుసు.

నీ భార్య ఆలోచనలు మాత్రం ఇప్పుడే రాయకు. నీకు తెలియవు. ఒక సంగతి చెబుతాను, చెప్పవచ్చో లేదో అని రెండు రోజులు తటపటాయించాను. పోయిన వారం ఆ అమ్మాయి మీ పిన్నికి ఫోను చేసింది. 2013 ఏప్రిల్‌లో దక్షిణ సూడాన్‌లోని జోంగ్లీలో దారికాచి జరిపిన దాడిలో మన సైనికులు ఐదుగురు చనిపోయిన వార్త ఫోనులో వెతికి చదివిందట. ఆ ప్రాంతానికేనా అని అడిగింది. ఎక్కడికో నువ్వు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. నువ్వేమో అక్కడ అంతా శాంతిగా ఉందని దాస్తున్నావు, తను చదివిన సంగతి తను దాస్తోంది. ఇద్దరూ కలిసి పురిటి సంచిలో ఏమేం సర్దాలో మాట్లాడుకుంటున్నారు. మా రేవు నాటి గేదె కథే ఇది.

అక్కడికి వెళ్లాక కథలు రాయాలా అని అడిగావు. వద్దు. నోటుబుక్కులో తేదీ వేసి చూసినది రాసుకో, చాలు. సైన్యానికి సంబంధించినది అచ్చుకు ఇవ్వాలంటే అనుమతి ఎలాగూ కావాలి, కాబట్టి తొందర లేదు. ఆకలిని, తుపాకులను వార్తల వాళ్లు రాస్తారు. నువ్వు డెల్టావాడివి, నీళ్లు చూడు. తెల్ల నైలు అక్కడ సుద్ అనే మహా చిత్తడిలోకి పరుచుకుని దాదాపు నిలిచిపోతుంది. మన కాలువలను పట్టి పీడించే గుర్రపుడెక్క 1950ల చివర్లో ఆ నదిలోకి కూడా చేరింది. అదే ఊదారంగు పువ్వు. అది చూసినప్పుడు నీకు ఏమనిపిస్తుందో నేను ఊహించగలను, కానీ నా ఊహ నీకు అక్కర్లేదు.

శ్రీలంకలోని జాఫ్నాలో నాకు తాటిచెట్లు అలా ఎదురయ్యాయి. ఎటు చూసినా మన పొలం గట్లే. కొన్నింటికి గుండ్లు తగిలి మొవ్వులు ఎగిరిపోయి మోళ్లు నిలబడ్డాయి. ఒక సంక్రాంతి రోజుల్లో గస్తీకి వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ పెరట్లో తేగలు ఉడకబెడుతోంది. వాసన నాకు తెలుసు. ఆగాను. ఆవిడ నా వైపు చూసి, కుండ మీద మూత పెట్టి, ముందుకు వచ్చి కుండకు అడ్డంగా నిలబడింది. నేను అడిగి తింటాననుకుందో లాక్కుంటాననుకుందో తెలియదు. లోపల ఎక్కడో చంటిపిల్ల ఏడుపు. మా ఇంట్లోనూ అప్పటికి అయిదో నెల. ఆ ముసలమ్మ గురించి రాయడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. అందులో నన్ను మంచివాడిగా చూపించుకోవాలన్న ఆశ చావడానికే పదేళ్లు.

ఉత్తరాల గురించి ఒక మాట. మాకు 56 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాకు వచ్చేవి, వరుస తప్పి వచ్చేవి. మీ పిన్ని అంకెలు వేసి రాసేది. ఏడో ఉత్తరంలో “జ్వరం పూర్తిగా తగ్గింది, అన్నం తింటున్నాను” అని ఉంది. ఎవరికి జ్వరం, ఎప్పుడు? అయిదో ఉత్తరం పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. తగ్గిందని తెలిసి కూడా దాన్ని చదువుతూ వణికాను. నీకు ఆ బాధ లేదు. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంత్రం అయిదున్నర, వీడియోలో బిడ్డను చూస్తావు. కానీ ఫోనులో దాచడం ఇంకా సులువు, కెమెరా గోడ వైపు తిప్పితే చాలు. ఏ రోజు ఎందుకు తిప్పావో నోటుబుక్కులో రాసుకో. బిడ్డ ఎదురుగా ఉన్న తండ్రిని వదిలి ఫోనులో నాన్నను వెతికే దృశ్యం మాత్రం ముందే ఊహించి రాయకు. గల్ఫ్ కథల్లో అది అరిగిపోయింది.

నేను తిరిగి వచ్చేటప్పటికి మా ఇంట్లో పడకల వరుస మారిపోయింది. గదిలో మీ పిన్ని, పిల్ల, పక్కన మా అమ్మ. రాత్రి పిల్ల లేస్తే ఎవరు లేవాలో, దీపం ఎక్కడుందో, అన్నీ వాళ్లకు తెలుసు. నా మంచం అరుగు మీద వేశారు, మర్యాదగా, చుట్టానికి వేసినట్టు కొత్త దుప్పటితో. ఎవరి తప్పూ లేదు. ఆ మంచం లోపలికి రావడానికి పట్టిన నాలుగు నెలల గురించి నేను ఇప్పటికీ సరిగ్గా రాయలేకపోయాను. నువ్వు రాస్తావేమో చూద్దాం. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది కదా, మిలిటరీ మాధవరం, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరు. ఆ స్మారకం ముందు నిలబడినప్పుడల్లా నాకు వెళ్లినవాళ్లకంటే ఈ మంచాలే గుర్తొస్తాయి.

కాన్పు రోజుకు మేమిద్దరం వెళతాం. మీ నాన్నకు ఇప్పుడే చెప్పి ఉంచాను. బారసాల నాటికి నీకు సెలవు దొరకదని అందరికీ తెలుసు కాబట్టి ఆ రోజు ఫోను ఎవరు పట్టుకోవాలో మీ చెల్లెలు అప్పుడే తేల్చేసింది.

ఉత్తరం మడుస్తుంటే మీ పిన్ని తీసుకుని చదివింది. రేవు మెట్టు మీద ఉన్నది గులకరాయి కాదట, సబ్బుబిళ్ల. ఉతుకుతున్న మనిషి చేతికి అదే కదా అందుతుంది, రాయి ఎవరు వెతుకుతారు అంటోంది. ఇన్నేళ్లూ మూడు కథల్లో గులకరాయి అనే రాశాను.

ఇట్లు,
బాబాయి